కండను తినేది ఎవరు?

పాథాలజీలో చేరదామా వద్దా అని సలహాకు వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది ఒకటే. "పేషెంట్లతో తలనొప్పి ఉండదు గదా మేడమ్?"

ఉండదనుకునే నేనూ చేరాను. మనిషి మన దగ్గరికి రాడు. మనిషిలోంచి తీసిన ముక్క వస్తుంది. ముక్క ఏడవదు, ఎదురు ప్రశ్న వేయదు, బిల్లు ఎక్కువైందని అరవదు. దాన్ని పలచగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి, కనిపించింది రాసి పంపిస్తే మన పని అయిపోతుంది. అట్లా అనుకునే చాలా ఏళ్లు గడిపాను.

ఇప్పుడు రిటైరయ్యాను. మెడ తిప్పితే పటుక్కుమంటుంది. పేపరు చదవాలంటే కుడి కన్ను మూసుకోవాలి. ఈ పని ఎట్లా ఉంటుందో కొత్తవాళ్లకు రాసిపెట్టమంటే, పదవులూ సన్మానాలూ రాయబుద్ధి కాలేదు. శంషాబాద్‌లో గడిపిన ఆరేళ్లే గుర్తొస్తాయి. అందులోనూ ఇద్దరు మనుషులు. ఇద్దరి కండల్లోనూ నేను చూసింది ఒకే రకం కణాలు. ఒకామె లేచి నడిచింది. ఒకాయన నడవలేదు.

హైవే పక్కన

కొత్త ఎయిర్‌పోర్టు మొదలైన ఏడాదే బెంగళూరు హైవే మీద, సాతంరాయి దాటాక, మా ఆసుపత్రి తెరిచారు. సగం గదులకు మంచాలు కూడా రాలేదు. సర్కారు కాలేజీలో విసుగెత్తి ముందే ఉద్యోగం వదులుకున్నదాన్ని, ఇక్కడ చేరాను. మాట్లాడుతుంటే నెత్తి మీదుగా విమానం దిగేది. అది పోయేదాకా నోరు మూసుకుని, మళ్లీ అక్కడి నుంచే అందుకునేవాళ్లం. కొన్నాళ్లకు అదీ అలవాటైపోయింది.

నన్ను తీసుకొచ్చింది న్యూరాలజీ డాక్టరు ప్రసాదరావు గారు. గుంటూరు వైపు మనిషి. తెల్ల చొక్కా నలగదు, మాట తూలదు. కండర జబ్బుల్లో మంచి పేరు. కండ ముక్కలు పరీక్ష కోసం వేరే ఊళ్లకు పంపకుండా మనమే చూసుకోవాలని ఆయన పట్టుదల.

కండ ముక్క తక్కిన ముక్కల్లాంటిది కాదు. తీసిన వెంటనే క్షణాల్లో గడ్డకట్టించాలి. మెల్లగా గడ్డకడితే లోపలి నీళ్లు మంచు పలుకులై కండ తంతువుల్ని చీలుస్తాయి. తర్వాత చూస్తే అన్నీ చిల్లులే. కోసే యంత్రం కూడా ఎప్పుడూ గడ్డకట్టే చలిలోనే ఉండాలి. మాకేమో అప్పట్లో రోజూ కరెంటు కోత. జనరేటరు అందుకునేలోపల యంత్రం వెచ్చబడేది. మొదటి ఏడాది నేను చూసిన చిల్లుల్లో ఎన్ని జబ్బువో, ఎన్ని కరెంటువో ఆ దేవుడికే తెలియాలి. ఈ మాట ఎందుకు చెప్తున్నానో తర్వాత తెలుస్తుంది.

అంజమ్మ

రావిర్యాల నుంచి వచ్చింది అంజమ్మ. నలభై దాటినట్టుంది. ఎయిర్‌పోర్టు రోడ్డు పొడుగునా పూలమొక్కలు నాటే పనిలో చేరింది. కూర్చుని కలుపు తీసే పని. కొన్ని నెలలకు కూర్చుంటే లేవలేకపోయింది. నేల మీద చెయ్యి ఆనించి, మోకాలి మీద చెయ్యి వేసి, పక్కనామె పట్టుకుంటే గానీ లేవలేదు. తర్వాత జుట్టు దువ్వుకోవడానికి చేతులు పైకి రాలేదు. మేస్త్రీ పని దొంగ అన్నాడు.

ఎక్కడో రక్తం పరీక్ష చేస్తే లివరుకు సంబంధించినవి అనుకునే రెండు అంకెలు పెరిగి ఉన్నాయి. కామెర్లు అన్నారు. పసరు తాగించారు. నూనె, కారం మాన్పించారు. నిజానికి ఆ అంకెలు కొలిచే పదార్థాలు లివరులోనే కాదు, కండలోనూ ఉంటాయి. కండ చితికినా రక్తంలోకి వస్తాయి. కొత్తగా చేరే మీరు ఇదొక్కటి గుర్తుపెట్టుకున్నా ఎవరో ఒకరికి మేలు చేసినవాళ్లవుతారు. కళ్లు పచ్చబడని మనిషికి లివరు జబ్బు అనేముందు ఆమెను ఒకసారి కింద కూర్చుని లేవమనండి.

ప్రసాదరావు గారు అదే చేశారు. కూర్చోమన్నారు, లేవమన్నారు. లేవలేక ఆమె నేల మీదే ఏడుస్తుంటే, ఆయన తెల్ల చొక్కాతో పక్కన గొంతుక్కూర్చుని, "భయపడకమ్మా, ఇది లివరు కాదు. దీనికి మందుంది" అన్నారు. ఆ మాట అన్న తీరు నాకు ఇప్పటికీ ఇష్టం. తర్వాత ఆయనతో ఎంత గొడవ పడినా ఆ ఇష్టం పోలేదు.

తొడ నుంచి తీసిన ముక్క నా దగ్గరికి వచ్చింది. బాగా గడ్డకట్టింది. ఆ రోజు కరెంటు కూడా పోలేదు.

మన రక్తంలో తెల్ల కణాలు ఉంటాయి. అందులో టి-కణాలని ఒక తెగ. వాటిలో సీడీ8 అనే రకం చంపే కణాలు. వైరస్ దూరిన కణాన్ని గుర్తుపట్టి, దానికి రంధ్రం చేసి చంపడం వాటి పని. ప్రతి కణం తన లోపల ఏముందో పై పొర మీద కొంచెం బయటపెడుతుంది. ఈ టి-కణాలు దాన్ని తడిమి చూసుకుంటూ పోతాయి. ఆరోగ్యంగా ఉన్న కండ తంతువు అట్లా ఏమీ పెద్దగా బయటపెట్టదు. అందుకని వాటికి కండతో పనిలేదు.

అంజమ్మ కండలో తంతువులన్నీ పై పొర మీద అంతా బయటపెట్టి కూర్చున్నాయి. సీడీ8 కణాలు గుంపులుగా చుట్టుముట్టాయి. చుట్టుముట్టడమే కాదు, ఇంకా చావని, నిండుగా ఉన్న తంతువులోకి సైతం దూరాయి. చచ్చిన చోట ఊడ్చేందుకు ఇంకో రకం కణాలు చేరాయి. మొదట దూరిందెవరు, తర్వాత ఊడ్చేందుకు వచ్చిందెవరు అని వేరుచేసి చెప్పడమే మా పని. వేరుచేసి చెప్పాను. పాలీమయోసైటిస్. ఒంట్లోని రక్షణ కణాలే కండను తినే జబ్బు.

ఆ కణాలను అణిచే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. ముఖం ఉబ్బింది, ఆకలి పెరిగింది. రెండు మూడు నెలలకు అంజమ్మ తనంతట తాను ల్యాబు తలుపు తోసుకుని వచ్చింది. నన్ను ఎవరో చూపించారట.

"నువ్వేనా అక్కా, నా తొడ ముక్క చూసింది?"

"నేనే."

నా ముందర కూర్చుంది, లేచింది. మళ్లీ కూర్చుంది, లేచింది. "సూడు, ఎవ్వలు పట్టుకోకుండనే" అంది. మూడోసారి వద్దని నేనే ఆపాను.

ఈ పనిలో అట్లాంటి రోజులు చేతివేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. ఆ రోజు మేమిద్దరం, ప్రసాదరావు గారూ నేనూ, చాలా సంతోషపడ్డాం. ఆ సంతోషమే తర్వాత మాకు అడ్డం పడిందని ఇప్పుడు అనిపిస్తుంది. గెలిచిన మందును ఎవరూ అనుమానించరు.

యూసుఫ్ భాయ్

యూసుఫ్ భాయ్‌ది శంషాబాద్ బస్టాండు దగ్గర దర్జీ దుకాణం. అరవై ఏళ్ల మనిషి. ఎయిర్‌పోర్టు వచ్చాక కారు డ్రైవర్లకు, సామాన్లు మోసేవాళ్లకు యూనిఫారాలు కుట్టి దుకాణం పెద్దది చేసుకున్నాడు. ఆయనకు జబ్బు ఎప్పుడు మొదలైందో ఆయనకే తెలియదు. కత్తెర జారిపోతుంటే ముసలితనం అనుకున్నాడు. సూది పట్టు తప్పితే కళ్లజోడు మార్చాడు. మెట్లు దిగుతుంటే మోకాళ్లు ఉన్నట్టుండి మడుచుకుపోయి పడ్డాడు. మోకాళ్లకు సూదులు వేయించుకున్నాడు. ఇదంతా నాలుగైదేళ్ల మాట. ఆ తర్వాతే ప్రసాదరావు గారి దగ్గరికి వచ్చాడు.

ముక్క నా దగ్గరికి వచ్చింది. చూస్తే అంజమ్మ కండే మళ్లీ చూస్తున్నట్టుంది. అవే సీడీ8 కణాలు. అట్లానే చుట్టుముట్టి, అట్లానే నిండు తంతువుల్లోకి దూరుతున్నాయి.

కానీ ఇంకోటి కూడా ఉంది. అక్కడక్కడ, కణాలేవీ చేరని తంతువుల్లో సైతం, చిన్న చిన్న చిల్లులు. ఇంకో రంగు వేసి చూస్తే చిల్లు అంచు చుట్టూ ఎర్రగా గీత గీసినట్టు కనిపించింది. మంచు చేసిన చిల్లుకు అంచు ఉండదు. ఇన్‌క్లూజన్ బాడీ మయోసైటిస్ అని ఇంకో జబ్బు ఉంది. యాభై దాటిన మగవాళ్లలో ఎక్కువ. వేళ్ల పట్టు, తొడ ముందు కండ ముందుగా పోతాయి. దానిలోనూ ఇవే టి-కణాలు ఉంటాయి. కానీ స్టెరాయిడ్‌కు లొంగదు.

రిపోర్టులో రెండూ రాశాను. టి-కణాలు దూరుతున్నాయి, అంచున్న చిల్లులు ఉన్నాయి, ఇది పాలీమయోసైటిస్ కాకపోవచ్చు, ఇంకో జబ్బు ఆలోచించండి అని. ప్రసాదరావు గారు ఫోను చేశారు.

"పద్మజ గారూ, చంపే కణాలు దూరుతున్నాయని మీరే రాశారు కదండీ?"

"రాశాను సార్. కింద చిల్లుల గురించి కూడా రాశాను."

"మీ యంత్రం రోజుకు ఎన్నిసార్లు వెచ్చబడుతుందో నాకు తెలియదా? అవి మంచు చిల్లులండీ."

"అంచు ఉంది సార్."

"చిల్లు అంచున రంగు పేరుకున్నట్టుంది. రక్షణ కణాలు కండను తింటుంటే వాటిని అణచకుండా చేతులు కట్టుకుని కూర్చోమంటారా?"

కణాలు అక్కడ ఉన్న మాట నిజం. తింటున్న మాట కూడా, చూసినంతవరకు, నిజం. స్టెరాయిడ్ మొదలైంది.

అంకె తగ్గింది

కండ ఎంత చితుకుతోందో చెప్పే రక్త పరీక్ష ఒకటి ఉంది. యూసుఫ్ భాయ్‌కి స్టెరాయిడ్ వేశాక ఆ అంకె చక్కగా దిగివచ్చింది. ప్రసాదరావు గారు ల్యాబు దాకా వచ్చి మరీ కాగితం చూపించారు. ఎగతాళికి కాదు, నిజమైన సంతోషంతో. "చూశారా, తగ్గుతోంది" అన్నారు.

అంకె తగ్గింది. మనిషికి బలం రాలేదు. రాకపోతే మోతాదు చాలలేదన్నారు, పెంచారు. యూసుఫ్ భాయ్‌కి షుగరు వచ్చింది. ఒళ్లు ఉబ్బింది, కాళ్లు సన్నబడ్డాయి. మందు వేసుకుంటే ఒంట్లో హుషారుగా ఉండేదట, ఆకలి వేసేదట. అందుకని పని చేస్తోందని ఆయనా నమ్మాడు. పేషెంటు నమ్మకాన్నీ డాక్టరు నమ్మకాన్నీ కలిపితే వచ్చే బలం ముందు మైక్రోస్కోపు నిలబడదు. ఇది నేను చదువుకున్న పుస్తకాల్లో లేదు.

నేను ఊరుకోలేదు. అదే ముక్కను ఇంకా లోతుగా కోసి చూశాను. చిల్లులు మళ్లీ కనిపించాయి, అంచులతో సహా. ఇంకో ఊళ్లో ఉన్న మా పాత ప్రొఫెసరు గారికి స్లైడు పంపించాను. ఆయన ఫోను చేసి, "అమ్మాయ్, ఇవి మంచు చిల్లులు కావు" అన్నారు. అదే మాట ప్రసాదరావు గారికి చెప్పాను. ఇంకో ముక్క తీయిద్దామన్నాను.

"మన అనుమానం తీర్చుకోవడానికి ఆ ముసలాయన్ని ఇంకోసారి కోయమంటారా?" అన్నారు. ఆ మాటలో కూడా తప్పు పట్టలేను. ఆయన చెడ్డ డాక్టరు కాదు. చెడ్డ డాక్టరుతో గొడవ సులువు. మంచి డాక్టరు తప్పు దారిలో పోతుంటే పక్కన నడవడమే కష్టం.

ఏడాది గడిచేసరికి యూసుఫ్ భాయ్ మసీదు మెట్ల మీద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. స్టెరాయిడ్ ఎముకను గుల్ల చేస్తుంది. ఎముక డాక్టరు అతికించాడు. ఆ తర్వాత ప్రసాదరావు గారు నా గదికి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. విమానం ఒకటి దిగింది.

అది పోయాక, "స్టెరాయిడ్ ఆపేస్తున్నానండీ, మెల్లగా" అన్నారు. "ఆయనకు నేను చెప్పాలి. మీరూ రండి."

పేషెంట్లతో తలనొప్పి ఉండదని కదా నేను చేరింది. వెళ్లాను.

చూపించు

మంచం మీద యూసుఫ్ భాయ్, పక్కన ఆయన భార్య హసీనా. ప్రసాదరావు గారు ఎప్పటిలా పొందికగా చెప్పారు. జబ్బు మేమనుకున్నది కాదని, దాని అన్నదమ్ముల్లాంటిది ఇంకోటని, ఈ మందు దానికి పని చేయదని.

యూసుఫ్ భాయ్ మంచం పక్కనున్న మాత్రల డబ్బా వైపు చూశాడు.

"అంటే ఏడాది నుంచి ఉత్తగనే మింగిన్నా సార్?"

"ఉత్తగనే అని కాదు..."

"మరేంది? షుగర్ బీమారీ వచ్చె, బొక్క ఇరిగె. గివన్నీ దేనికొచ్చినయి?"

హసీనా "జర సబర్ పట్టుండ్రి" అని ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆయన విదిలించుకున్నాడు. విదిలించే బలం ఆ చేతికి లేదు. చెయ్యి అట్లానే ఉంది.

ప్రసాదరావు గారు తల వంచుకుని, "పొరపాటు నాది" అన్నారు. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక పెద్ద డాక్టరు పేషెంటు ముందు ఆ మాట అనగా విన్నది అదొక్కసారే. ఆ గదిలో దానివల్ల ఎవరికీ ఊరట కలగలేదు. అయినా అనాల్సిన మాటే.

కొన్ని వారాలకు యూసుఫ్ భాయ్ చక్రాల కుర్చీలో ల్యాబుకు వచ్చాడు. హసీనా తోసుకొచ్చింది. కోపం తగ్గలేదు, అలిసిపోయినట్టుంది.

"నా గోష్ నీ దగ్గర ఉన్నదంట గద మేడమ్. చూపించు."

తన కండ చూపించమని ఎవరూ అడగలేదు నన్ను. మైక్రోస్కోపు ఆయన ఎత్తుకు దించి, స్లైడు పెట్టాను. కన్ను ఆనించడానికి కాసేపు పట్టింది.

"గీ చుక్కలేంది, మట్టి రంగువి?"

"రంగు మేం వేసింది. అవే తెల్ల కణాలు. కండలోకి దూరుతున్నయి."

"ఏడికెళ్లి వచ్చినయి?"

"ఎక్కడి నుంచీ రాలేదు భాయ్. నీ ఒంట్లోవే."

కన్ను తీయకుండానే అన్నాడు. "నావే అయితే నన్నెందుకు తింటయి?"

ఇక్కడ నేను చదువుకున్నదంతా చెప్పాలని చూశాను. కండలో ఏవో పాడైన ప్రొటీన్లు పేరుకుంటున్నాయని, వాటిని చూసి ఈ కణాలు వస్తున్నాయేమోనని, లేదా ముందు కణాలే వచ్చి కండను పాడుచేస్తున్నాయేమోనని. చిల్లులు చూపించాను. అంజమ్మ జబ్బులో కణాలను అణిస్తే కండ బతికిందని, ఈ జబ్బులో అణిచినా బతకడం లేదని చెప్పాను. దూరిన కణాలు దొంగలో, దొంగతనం అయ్యాక వచ్చినవాళ్లో తేలలేదని కూడా అన్నాను. నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఆయన కన్ను పక్కకు జరిపి తుడుచుకున్నాడు. హసీనా మాత్రం అంతా విని, "మరి ఇప్పుడేం చేయాలె?" అని ఒక్క మాట అడిగింది.

అదే అసలు ప్రశ్న. దానికి జవాబు మైక్రోస్కోపులో లేదు. కింద అంతస్తులో కసరత్తులు చేయించే అమ్మాయి దగ్గరికి తీసుకెళ్లాను. మోకాలు మడుచుకుపోకుండా పట్టీ కట్టింది. కుర్చీ ఎత్తు పెంచుకోమంది, లేవడం సులువవుతుందని. చెంచాకు, బ్రష్షుకు గుడ్డ చుట్టి లావుగా చేసుకోమంది. ఏడాదిగా మేము ఇచ్చిన దానికన్నా ఆ అరగంటలో ఆయనకు దొరికింది ఎక్కువ. రోగ నిర్ధారణ సరిగ్గా ఉంటే మొదటి రోజే అది దొరికేది. నిర్ధారణ ఎందుకు సరిగ్గా చేయాలి, మందే లేనప్పుడు, అని అడిగే పిల్లలుంటారు. ఇందుకు.

తెలియదు

అంజమ్మ చిన్న మోతాదు మాత్ర మీద చాలాకాలం నిలకడగా ఉంది. మొక్కల పని మానేసి ఊళ్లోనే కూరగాయల బండి పెట్టుకుంది. ప్రసాదరావు గారు ఆ తర్వాత నా రిపోర్టు చివరి వాక్యం దాకా చదివేవారు. అర్థం కాకపోతే కిందికి దిగి వచ్చి నా పక్కన కూర్చునేవారు. ఇద్దరం ఒక్కోసారి చాలాసేపు చూసి, ఏమీ తేలక లేచిపోయేవాళ్లం. మా స్నేహం ఆ తేలని వాటి మీదే పెరిగింది.

పుస్తకాలు చదవడం నేను మానలేదు. ఈ జబ్బులో దూరే టి-కణాలు మామూలువి కావని, ముదిరిపోయి స్టెరాయిడ్‌కు లొంగని రకమని కొందరు రాశారు. అసలు కారణం కండలోనే ఉందని, కణాలు వెనక వచ్చినవేనని ఇంకొందరు రాశారు. నేను చూసిన స్లైడ్లన్నీ తలుచుకుంటే ఒక రోజు అటు, ఒక రోజు ఇటు అనిపిస్తుంది.

నేను ఆసుపత్రి వదిలే ఏడాది, కొత్త రాష్ట్రం వచ్చిన వేసవిలో, యూసుఫ్ భాయ్‌ని చూడడానికి శంషాబాద్‌లో ఆయన ఇంటికి వెళ్లాను. దుకాణం ముందే కిరాయికి ఇచ్చేశారు. ఎత్తు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బాగా సన్నబడ్డాడు. మింగడం కష్టమైంది. హసీనా షర్బత్ చిక్కగా కలిపి తెచ్చి, గ్లాసు తనే పట్టుకుని తాగిస్తోంది. నీళ్లలా పలచగా ఉంటే గొంతుకు అడ్డం పడుతుందట. ప్రతి గుటకకు గడ్డం కిందికి దించుకోమని గుర్తు చేస్తోంది.

"పోతున్నవంట గద మేడమ్" అన్నాడు.

"చాలు భాయ్, కళ్లు పోయినయి."

నవ్వాడు. నాకు షర్బత్ ఇమ్మని హసీనాకు సైగ చేశాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"పోయేముందు ఒక్కటి చెప్పు. ఆఖరికి నా గోష్ ఎవలు తింటున్నరు? గా కణాలేనా, ఇంకేమన్ననా?"

ఆ రోజు ల్యాబులో చెప్పినదంతా మళ్లీ నోటిదాకా వచ్చింది. చెప్పే ఓపిక లేకపోయింది.

"తెల్వదు భాయ్."

"నీకు తెల్వదా?"

"నాకు తెల్వదు. ప్రసాదరావు సార్‌కు తెల్వదు. ఇంకా ఎవరికీ తెల్వదు."

యూసుఫ్ భాయ్ కుర్చీ వెనక్కి తల ఆనించాడు. కోపం వస్తుందేమో అనుకున్నాను. రాలేదు.

"గీ మాట మొదలే అనుంటే మంచిగుండు గద మేడమ్" అన్నాడు. "గా మందు మింగకుండ, కూసోని దర్జీ పని చేసుకుందు. చేతులు ఇంకో ఏడాది పనిచేస్తుండె."

హసీనా గ్లాసు మళ్లీ ఆయన పెదాలకు అందించింది. ఆయన గడ్డం దించుకుని, కళ్లు మూసుకుని, మింగాడు.